కబేళా నీటికి ఆదివారం గండం

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఆదివారం తెల్లవారుజామున మాంసం దుకాణం వెనక్కి వెళ్లి చూస్తే నీళ్లు ఎక్కడ ఖర్చవుతాయో తెలుస్తుంది. పొట్టేలును కోయడానికి పెద్దగా నీరు అక్కరలేదు. తోలు ఒలవడానికి అసలే అక్కరలేదు. బోటి కడిగే దగ్గరే బిందెలకు బిందెలు పోతాయి. పొట్ట చీల్చి, అందులో సగం నమిలిన పచ్చి మేతను దులిపి, పేగులను వేళ్లతో పిండుతూ ఒకటికి నాలుగుసార్లు కడగాలి. నీరు తేటపడేదాకా కడగకపోతే కొనేవారు ఊరుకోరు. ఆ కడుగునీటిలో గడ్డి పరకలు, జిగురు, కొవ్వు తునకలు, పక్కనుంచి పారి వచ్చిన రక్తం అన్నీ కలుస్తాయి. కాసేపటికే పైన నురగ కడుతుంది. మధ్యాహ్నానికి వాసన మొదలవుతుంది.

ఈ నీటికి గాలి చొరని తొట్టే తగిన మందు అని ఇంజనీర్లు చాలాకాలంగా చెబుతున్నారు. పుస్తకాల్లో దీని పేరు వాయురహిత జీర్ణక్రియ. పల్లెల్లో అందరికీ తెలిసిన గోబర్ గ్యాస్ దీని చిన్న రూపమే. ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవులు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తిని, చివరికి దాన్ని మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి వదులుతాయి. సూత్రం ఇంతే. ఇంత తేలికైన పని ఆచరణలో తరచూ మొరాయిస్తుంది. అందుకు కారణాలను తొట్టిలో వెతికితే సగమే దొరుకుతాయి. మిగతా సగం కోత జరిగే నేల మీద, గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఉంటాయి.

నిజానికి ఇలాంటి తొట్టి ఒకటి కోతకు వచ్చిన గొర్రె కడుపులోనే ఉంది. నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోకెల్లా ఎత్తైనవి. తెల్లటివాటిని పల్లా అని, తెలుపు మీద నల్లమచ్చలున్నవాటిని జోడిపి అని, ఎర్రగోధుమ రంగువాటిని డోర అని పిలుస్తారు. రంగు ఏదైనా లోపలి పెద్దపొట్ట పనిచేసే తీరు ఒకటే. 39 డిగ్రీల వెచ్చదనంలో, గాలి ఆడని చీకట్లో, లెక్కకందని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలే గొర్రెకు అసలు తిండి. పొట్ట గోడ వాటిని ఎప్పటికప్పుడు పీల్చుకుంటుంది. కొంత మీథేన్ తేన్పుల్లో బయటికి పోతుంది.

మనం కట్టే తొట్టిలో ఆమ్లాలను పీల్చుకునే గొర్రె లేదు. వాటిని ఖాళీ చేసే బాధ్యత పూర్తిగా మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల మీద పడుతుంది. అవి మందకొడివి. ఆమ్లాలు తయారుచేసే జీవులు గంటల్లో రెట్టింపవుతాయి, ఎసిటిక్ ఆమ్లాన్ని తినేవి రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. వంటవాళ్లు వండి వడ్డిస్తూనే ఉంటారు, బంతిలో కూర్చున్నవారు ఇక చాలని చేతులు అడ్డం పెడతారు. అప్పుడు తొట్టి పులుస్తుంది. వాయురహిత శుద్ధిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ రెండు గుంపుల వేగంలో ఉన్న తేడాయే.

మురుగు ఎంత చిక్కనిదో కొలవడానికి సీఓడీ అనే లెక్క వాడతారు. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. ఇళ్ల మురుగులో లీటరుకు అర గ్రాము అటూ ఇటూ ఉంటుంది. రక్తానికి లీటరుకు సుమారు 375 గ్రాములు. అంటే లీటరు రక్తం కాలువలో పడితే 750 లీటర్ల ఇంటి మురుగు పడినట్టే.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక పట్టణ కబేళాలో ఆదివారం 300, మిగతా ఆరు రోజులు రోజుకు 50 చొప్పున, వారానికి 600 గొర్రెలు, మేకలు కోస్తారనుకుందాం. తలకు 1.2 లీటర్ల రక్తం, 60 లీటర్ల నీరు అనుకుంటే వారానికి రక్తం 720 లీటర్లు, నీరు 36 వేల లీటర్లు. రక్తమంతా నీళ్లలో కలిస్తే దాని ఒక్కదాని వల్లే వారానికి 270 కిలోల సీఓడీ వస్తుంది. లీటరు నీటికి ఏడున్నర గ్రాములు. బోటి కడుగు, కొవ్వు, పెంట దీనికి అదనం.

ఈ 270 కిలోలను గాలి ఊది శుద్ధి చేయాలంటే కిలోకు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా కరెంటు కావాలి. వారానికి 135 నుంచి 270 యూనిట్లు. పైగా వంద కిలోల వరకు ఎండు బురద తేలుతుంది, దాన్ని ఎక్కడ పోయాలన్నది మరో తలనొప్పి. గాలి లేకుండా చేస్తే కరెంటు ఖర్చు పంపుల వరకే, బురద అందులో ఐదో వంతు. కరిగిన ప్రతి కిలో సీఓడీకి 0.35 ఘనపు మీటర్ల మీథేన్ చేతికొస్తుంది. 80 శాతం కరిగినా వారానికి 75 ఘనపు మీటర్లు, అంటే ఇంటి వంటగ్యాస్ సిలిండర్లు నాలుగింటిలో ఉండేంత వేడి. తలకాయలు, కాళ్లు కాల్చే మంటకు, కత్తులు, బల్లలు కడిగే వేడినీటికి అది బాగా పనికొస్తుంది.

డైజెస్టర్ (ఈ గాలి చొరని తొట్టి) అమ్మేవారి కాగితాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అందులో చూపించే గ్యాసులో పెద్ద వాటా రక్తానిదే. కానీ రక్తాన్ని నీళ్లలో కలిపి తొట్టికి పంపడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివితక్కువ పని. మాంసం దుకాణాల్లో రక్తాన్ని గిన్నెలోకి పట్టి, గడ్డకట్టాక ముక్కలు కోసి అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి దాన్ని వేయించుకునే ఇళ్లకు కొదవ లేదు. అమ్ముడుపోనిదాన్ని ఉడికించి ఆరబెడితే 12 నుంచి 13 శాతం నత్రజని ఉన్న ఎరువు తయారవుతుంది. ఇంత విలువైనదాన్ని యాభై రెట్లు నీళ్లు పోసి పలచన చేసి, మళ్లీ ఆ నీళ్లలోంచి విరగ్గొట్టడానికి తొట్టి కట్టడం కోరి చేసుకున్న ఖర్చు.

అందువల్ల శుద్ధి కేంద్రం నమూనా గీసేవారు మొదట గీయవలసింది కోత జరిగే గచ్చును. రక్తం కారే చోట నేలకు వేరే వాలు, వేరే తూము ఉండాలి. రక్తం పూర్తిగా కారేదాకా పొట్టేలు వేలాడాలి. గచ్చు మీద మిగిలినదాన్ని ముందు రబ్బరు పలకతో లాగి ఎత్తాకే గొట్టంతో నీళ్లు కొట్టాలి. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. నీళ్లు కొడితే గచ్చు త్వరగా తెల్లబడుతుంది, పని చేసినట్టు కనబడుతుంది. పొట్టలోంచి తీసిన మేత సంగతీ ఇంతే. దాన్ని పొడిగానే బుట్టకెత్తితే కంపోస్టుకో, పక్కన కట్టిన మామూలు గోబర్ గ్యాస్ గుంతకో పోతుంది. నీళ్లలో కలిపితే జాలీలను మూసేసి, తొట్టి అడుగున పీచులా పేరుకుంటుంది. ఈ రెండు పనులూ సరిగ్గా జరిగితే తొట్టి మీద పడే భారంలో సగానికి పైగా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కొవ్వు తీరు వేరు. మటన్ కూర చల్లారాక గిన్నె అంచున తెల్లగా, మైనంలా బిగుసుకునేది ఇదే. గొర్రె కొవ్వు 40 డిగ్రీలు దాటితే గానీ బాగా కరగదు, కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం తప్ప కాలువలో, గొట్టంలో ఎక్కడ చల్లబడితే అక్కడ అతుక్కుంటుంది. కిలో కొవ్వు నుంచి ఘనపు మీటరు దాకా మీథేన్ వస్తుంది. మాంసకృత్తుల నుంచి అందులో సగమే. అలాగని ఒకేసారి పోస్తే, విడిపోయిన పొడవాటి కొవ్వు ఆమ్లాలు సూక్ష్మజీవులు గుమికూడి కట్టిన రేణువుల చుట్టూ పొరలా పేరుకుంటాయి. తిండి లోపలికి పోదు, గ్యాస్ బయటికి రాదు. జిడ్డు పట్టిన రేణువులు తేలికై పైకి తేలి నీటితోపాటు కొట్టుకుపోతాయి. నెలలు కష్టపడి పెంచిన జీవులు ఒక్క రోజులో కాలువ పాలవుతాయి. తొట్టికి ముందు కొవ్వును తేల్చి పట్టే అర కట్టి, అందులో తేరుకున్నదాన్ని రోజూ చెంబెడు చొప్పున తిరిగి అందించడమే పాత చిట్కా. ఆ అరను రోజూ శుభ్రం చేసే మనిషి ఉండాలన్నది నమూనా కాగితం మీద కనబడని ఖర్చు.

ఇక నీటి పొదుపు చేసే చిక్కు. ఒంగోలుకు పడమటి వైపు, కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతంలో తాగడానికే నీళ్లకు కటకట. అక్కడ తలకు 60 లీటర్లు వాడమనడం న్యాయం కాదు, 20తో సరిపెట్టుకోవాలి. నీరు తగ్గితే తొట్టి చిన్నదవుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ రక్తంలోని మాంసకృత్తులు విడిపోతే వచ్చే నత్రజని అమ్మోనియాగా మారి నీటిలోనే ఉండిపోతుంది. పై లెక్కలో రక్తమంతా కలిస్తే, 60 లీటర్ల చొప్పున వాడినప్పుడు లీటరుకు 540 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. 20 లీటర్లకు తగ్గించగానే 1,600 దాటుతుంది. 1,500 దాటి, పీహెచ్ కూడా ఏడున్నర మీదికి పోతే మీథేన్ జీవులు నలతపడతాయి. 3,000 దాటితే పీహెచ్ ఎంతున్నా కోలుకోవడం కష్టం. ఎండ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు వాటా పెరుగుతుంది కాబట్టి మే నెలలో ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్లు తక్కువున్న ఊళ్లో రక్తాన్ని వేరుగా పట్టడం తప్పనిసరి అయ్యేది ఇందుకే. రక్తాన్ని ఆపకుండా నీటిని మాత్రం పొదుపు చేస్తే తొట్టికి విషం చిక్కబరిచి పెట్టినట్టవుతుంది.

నత్రజని ఎక్కువైనచోట కర్బనం కలిపి సరిచేయవచ్చు. నెల్లూరు మాగాణిలో వరిగడ్డికి లోటు లేదు, అయితే సన్నగా తరిగి కలపకపోతే అది నీటి మీద చాపలా తేలుతుంది. పొదలకూరు మార్కెట్‌లో మిగిలే నిమ్మకాయలను కలిపితే పోతుంది కదా అనిపించవచ్చు. నిమ్మతొక్కలోని నూనె సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నది. గంపలకొద్దీ పోస్తే మొదటికే మోసం.

తోళ్లకు పట్టించే ఉప్పు కూడా ఇలాంటిదే. ఒలిచిన తోళ్లను ఉప్పు చల్లి పేర్చేటప్పుడు కారే ఉప్పునీటిని అదే కాలువలోకి వదిలితే, తీరప్రాంతపు ఉప్పు బోరునీటికి అది తోడై తొట్టి బలాన్ని నెమ్మదిగా తోడేస్తుంది. తోళ్ల గది కాలువ వేరుగా ఉంటే ఆ బాధ ఉండదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆదివారం ఒక్కటే ఒక ఎత్తు.

తెలుగువారి మాంసం వినియోగం పంచాంగాన్ని అనుసరించి నడుస్తుంది. ఆదివారం కోలాహలం, సోమవారం నీరసం, మంగళ, శనివారాల్లో చాలా ఇళ్లలో మాంసం మాటే ఉండదు. కార్తీక మాసంలో నెలంతా పడిపోతుంది. కనుమ నాడు ఒక్కసారిగా ఉప్పెనలా లేస్తుంది. మళ్లీ బక్రీద్ వస్తుంది, అది ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సూక్ష్మజీవులకు ఉపవాసం పెద్ద కష్టం కాదు, వారాల తరబడి తిండి లేకున్నా ముడుచుకుని బతుకుతాయి. ఉపవాసం వెనకే విందు వస్తేనే అవి తట్టుకోలేవు. కార్తీకం వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఈ జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా కురిసేదీ అప్పుడే. కప్పులేని గచ్చు మీద పడ్డ వాననీరు తొట్టిలోకి చేరి, ఉన్న కాస్త తిండినీ పలచన చేసి, జీవులను కొట్టుకుపోయేలా చేస్తుంది. ఆ తర్వాత చలి. నెల్లూరులో చలి ఏపాటిది అని నవ్వుకోవచ్చు. మే నెల 40 డిగ్రీలకు అలవాటుపడిన తొట్టికి జనవరి రాత్రి 20 డిగ్రీలు చలే. పది డిగ్రీలు పడితే పని వేగం దాదాపు సగమవుతుంది. ఇలా చిక్కి, చల్లబడి ఉన్న తొట్టి మీద కనుమ భారం పడుతుంది. ఏడాది మొత్తంలో తొట్టి పులిసే ముహూర్తం ఏదని అడిగితే సంక్రాంతి వారమే.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. తొట్టికి ముందు ఒక నిల్వ తొట్టి ఉండాలి. పై లెక్కలో ఆదివారం ఒక్కరోజే 18 వేల లీటర్లు వస్తాయి, మిగతా రోజుల్లో మూడు వేలు. రోజుకు ఐదు వేల లీటర్ల చొప్పున సమంగా పంపాలంటే ఆదివారం 13 వేల లీటర్లు ఆపుకోవాలి. మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, రెండు మీటర్ల లోతు గది చాలు. అది లేకపోతే ఏమవుతుందో చూడండి. ఘనపు మీటరుకు రోజుకు మూడు కిలోల సీఓడీ భరించేలా, వారపు సగటును బట్టి 13 ఘనపు మీటర్ల డైజెస్టర్ కడితే, ఆదివారం దాని మీద మూడుకు బదులు పది కిలోలు పడుతుంది. డబ్బు మిగుల్చుకుందామని నిల్వ తొట్టిని కొట్టేసిన నమూనా కాగితం మీద అందంగా ఉంటుంది, రెండో సోమవారానికి కంపు కొడుతుంది. కనుమకు, బక్రీద్‌కు మాత్రం ఈ గది కూడా చాలదు. ఆ వారం రక్తాన్ని, పొట్టమేతను కచ్చితంగా బయటే ఆపాలి.

ఏ రకం తొట్టి అన్న చర్చ ఇంజనీర్లకు ఇష్టమైనదే గానీ, పై పనులు జరిగాక అది అంత పెద్ద ప్రశ్న కాదు. నెదర్లాండ్స్‌లో గాట్జే లెట్టింగా బృందం 1970లలో రూపొందించిన యూఏఎస్‌బీ పద్ధతిలో మురుగు అడుగునుంచి పైకి నెమ్మదిగా ఎక్కుతూ సూక్ష్మజీవుల రేణువుల పరుపు గుండా సాగుతుంది. 1989లో గంగా కార్యాచరణ ప్రణాళిక కింద కాన్పూరు జాజ్‌మవ్‌లో రోజుకు 50 లక్షల లీటర్ల మురుగుకు ఇలాంటిది కట్టారు. చోటు తక్కువ పడుతుంది, చూసుకునేవారికి నైపుణ్యం ఎక్కువ కావాలి, కొవ్వు పడదు. ఆస్ట్రేలియాలో మాంసం పరిశ్రమలు పైన మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పిన చెరువు లాంటి గుంతలను వాడతాయి. అవి నిదానం, కానీ మొండివి. పొదిలి, కనిగిరి వైపు స్థలం, ఎండ రెండూ ఉన్నాయి గనుక అలాంటివి అక్కడ నప్పుతాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల దాకా విద్యుత్తు తీసిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. అది కూరగాయ, ఇది మాంసం, కాబట్టి తిండి పెట్టే మోతాదు మారుతుంది. పెన్నా డెల్టాలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. నవంబరులో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు, నేలలో పాతిన తొట్టిని శుభ్రం చేద్దామని ఖాళీ చేస్తే అది పడవలా పైకి లేచి గొట్టాలను తెంచుకుంటుంది.

నడిపే మనిషికి రోజుకు పావుగంట పని చాలు, అయితే ఆ పావుగంట ఏ రోజూ తప్పకూడదు. చాలామంది పీహెచ్ కాగితం ముంచి, ఏడు చూపిస్తే సరే అనుకుంటారు. కబేళా నీటిలో అమ్మోనియా ఉంటుంది కనుక అది ఆమ్లాన్ని కప్పిపుచ్చుతూ వస్తుంది. కాగితం రంగు మారేసరికి తొట్టి అప్పటికే చేయి దాటిపోతుంది. గ్లాసుడు నీరు తీసి, అందులో ఆమ్లాలు ఎన్ని, వాటిని తట్టుకునే క్షారత ఎంత అని బురెట్‌తో కొలిచి, ఒకదాన్ని మరొకదానితో భాగించాలి. 0.3 లోపు ఉంటే నిశ్చింత. 0.4 దాటితే ఆ రోజు తిండి తగ్గించాలి. 0.8కి పోతే పూర్తిగా ఆపాలి. కళాశాల ప్రయోగశాల దాకా వెళ్లక్కరలేదు, రసాయనశాస్త్రం చదివిన ఇంటర్ విద్యార్థి చేయగల పరీక్ష ఇది. కబేళా కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు డబ్బాలకొద్దీ కుమ్మరించే అలవాటు ఉంటే ఏ పరీక్షా కాపాడదు. వాటిని కొలత ప్రకారం వాడి, ఆ నీటిని మరో కాలువలోకి మళ్లించాలి.

గుంతలోకి దిగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు. మాంసకృత్తుల్లోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గింది కదా అని దిగినవారు కుప్పకూలతారు, వారిని లాగబోయినవారూ కూలతారు. గ్యాసును పొయ్యికి పంపే ముందు ఇనుప రజను నింపిన గొట్టం గుండా పోనిస్తే ఈ వాయువు చాలావరకు అక్కడే ఆగుతుంది, బర్నరు తుప్పు పట్టదు.

తొట్టి దాటి వచ్చిన నీరు తేటగా కనిపించినా శుద్ధమైనట్టు కాదు. ఏడున్నర గ్రాముల్లో 85 శాతం పోయినా లీటరుకు ఇంకా 1,100 మిల్లీగ్రాముల సీఓడీ మిగిలి ఉంటుంది. నదులు, కాలువల్లో కలిపే నీటికి సాధారణ ప్రమాణాల ప్రకారం బీఓడీ, అంటే మురుగును తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. పొలానికి పారించేదైతే 100. కాబట్టి వెనక గాలి తగిలే చెరువో, తుంగ, జమ్ము పెంచిన మడో తప్పదు. నత్రజని మొత్తం అలాగే ఉంటుంది, తొట్టి దాన్ని తీసేయదు. వరి మడికి అది యూరియాకు బదులు పనికొస్తుంది గానీ, ఆకుకూరల మడికి పారించకూడదు. గోరువెచ్చని తొట్టిలో రోగక్రిములన్నీ చావవు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) సిద్ధబీజాలకైతే అది లెక్కలోకే రాదు. పశువైద్యుడు పనికిరాదని పక్కన పెట్టిన కళేబరం ఏదైనా తొట్టి మూత దగ్గరికి కూడా రాకూడదు.

కొత్త తొట్టిని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ప్రారంభోత్సవ ముహూర్తాన్ని బట్టి తేల్చే విషయం కాదు. డిసెంబరులో కట్టడం పూర్తయిందని సంక్రాంతికి రిబ్బను కత్తిరిస్తే, పుట్టిన వారానికే కనుమ భోజనం పెట్టినట్టవుతుంది. ఫిబ్రవరి ఆఖరున పేడనీటితో, దొరికితే నడుస్తున్న మరో డైజెస్టర్ నుంచి తెచ్చిన బురదతో మూడో వంతు నింపి, మొదటి పది రోజులు కడుగునీరు బక్కెట్లతోనే కొలిచి పోయాలి. గ్యాస్ మంట పసుపు పోయి నీలంగా నిలిచాకే వారానికి కాస్త చొప్పున మోతాదు పెంచాలి. మార్చి, ఏప్రిల్, మే ఎండలు ఎవరికి పనికొచ్చినా పనికిరాకున్నా ఈ జీవులకు పనికొస్తాయి. కార్తీకం వచ్చేసరికి తొట్టికి ఎనిమిది నెలలు నిండుతాయి, కనుమకు మరో రెండు నెలలకు పైగా గడువుంటుంది. ఆలోగా నిల్వ తొట్టికి మూత, గచ్చు మీదికి రేకుల కప్పు పడాలి.